జాడీ మూతకు అచ్చు

మా ఇంట ఒక జాడీ కలదు. పై సగము గోధుమ వన్నె, క్రింది సగము తెలుపు. ఆవకాయ పెట్టు తెలుగిండ్లలో ఇట్టిది ఒకటి తప్పక యుండెడిది. నేటికిని అనేక గృహములలో ఉన్నది. మా అమ్మగారు కాపురమునకు వచ్చునప్పుడు పుట్టింటినుండి దానిని తెచ్చుకొనిరి. ఏబది యేండ్లకు పైగా అది ఏటేట నిండుచు, ఏటేట ఖాళీ యగుచు మాతోపాటు బ్రతికినది. గత సంక్రాంతికి అటక శుభ్రపరచుచుండగా దాని మూత మా చేతినుండి జారి నాలుగు ముక్కలైనది. అమ్మగారు మమ్ము ఒక్క మాట అనలేదు. ముక్కలను ఏరి పాతగుడ్డలో మూటగట్టి, జాడీ మూతికి వాసెన కట్టి, లోపల పెట్టిరి. ఆమె ఏమియు అనకుండుటయే మాకు ఎక్కువ కష్టముగా తోచెను.

బజారులో క్రొత్త జాడీలు దొరకును. పాత జాడీకి మూత మాత్రము దొరకదు. గంతకు తగిన బొంత అని సామెత యున్నది గాని, జాడీకి తగిన మూత అంత సులభముగా లభింపలేదు. నాలుగు అంగళ్లు తిరిగితిమి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి సరిపోయినట్లే యుండి, చేయి తగిలినంతనే గిరగిర తిరిగెను. కడకు మా పట్టణపు శివారున నున్న ఒక చిన్న పింగాణీ కార్ఖానాకు పోతిమి. అందు అచ్చులు చేయు మేస్త్రిగారు అరువది దాటినవారు. మా కథ విని వారు నవ్విరి.

"ఒక్క మూతకి అచ్చు చేయరండీ. అచ్చు చేసేది వందకి. మీకు మూత కావాలా, పని కావాలా?"

రెండును కావలెనంటిమి. వారు కొంచెమాలోచించి, "అయితే ఆదివారాలు రండి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. చేత్తో చేసే పనిలో తప్పు ఒక్క వస్తువుతో పోతుంది. అచ్చులో తప్పు అలా పోదు. అందులోంచి వచ్చే ప్రతి వస్తువులోనూ ఉంటుంది" అనిరి. ఆ మాటలోని బరువు మాకు నాడు తెలియలేదు. మూడు నెలల ఆదివారములు గడచిన పిమ్మట తెలిసెను. ఆ పాఠమునే నేడు శ్రోతలతో పంచుకొనదలచితిమి.

మట్టిని ముద్దజేసి చక్రముపై నిలిపి పాత్రగా లేవనెత్తుట మనమందరము ఎరిగిన పద్ధతి. మట్టిని ద్రవముగా చేసి అచ్చులో పోయుట మరియొక పద్ధతి. చిక్కని మజ్జిగవలె జారు ఆ మట్టిని కార్ఖానాలలో స్లిప్ అందురు. దానిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన అచ్చులో పోసినంతట అచ్చు అందలి నీటిని త్రాగ నారంభించును. నీరు పోయిన మేరకు మట్టి అచ్చు గోడను అంటి పొరగా నిలుచును. పొర చాలినంత మందమైన వెనుక అచ్చును బోర్లించి మిగిలిన స్లిప్‌ను వంచివేయుదురు. కొంతసేపటికి పొర గట్టిపడి, కుంచించి, గోడను తానే విడుచును. అచ్చు విప్పినచో లోపల బోలుగానున్న వస్తువు లభించును. తేనీటి కెటిలులు, పూలకూజాలు, స్నానపు గదులలోని వాష్‌బేసినులు ఈ విధముగా పుట్టినవే.

స్లిప్ పలుచగా నుండుటకు నీరు ఎక్కువ పోసిన చాలుననుకొందుము. అది పొరపాటు. నీరు ఎక్కువైన అచ్చు త్వరగా తడిసిపోవును. వస్తువు ఎక్కువగా కుంచించి పగులును. అందుచే నీటిని పెంచక, పొడిమట్టి బరువులో నూటికి అరవంతు కంటె తక్కువగా సోడియం సిలికేటు కలుపుదురు. ఆ చిటికెడు మందుతో మట్టి రేణువులు ఒకదాని నొకటి పట్టుకొనుట మాని, విడివిడిగా జారసాగును. గట్టిగా కదలక కూర్చున్న ముద్ద మన కన్నులముందే ధారగా మారుట చూడవలసిన వింత. మేస్త్రిగారు స్లిప్‌ను చేతితో కలిపి చూచి ఊరకుండక, లీటరు కొలిచి తూచెడివారు. వారి లెక్కకు లీటరు స్లిప్ సుమారు 1,750 గ్రాములు తూగవలెను.

ఇక ప్లాస్టరు సంగతి. జిప్సం అను రాతిని సుమారు 150 డిగ్రీల వేడిని కాల్చినచో, దానియందు కలిసియున్న నీటిలో ముప్పాతిక భాగము పోవును. మిగిలిన తెల్లని పొడియే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్ నగరమున మోమార్త్ గుట్టలో ఒకప్పుడు ఈ రాతి గనులుండుటచే ఆ పేరు వచ్చినది. మన దేశమున జిప్సం ఎక్కువగా రాజస్థానమున లభించును. ఆ పొడికి నీరు తగిలినంతనే, తాను పోగొట్టుకొన్న నీటిని తిరిగి పట్టుకొని, సన్నని సూదులవంటి స్ఫటికములుగా మారి, ఆ సూదులు ఒకదానిలో నొకటి అల్లుకొని మరల రాయి యగును. అప్పుడు వేడి పుట్టును. పిల్లల చేతి అచ్చు తీయవలెనని సరదాపడి గట్టిపడుచున్న ప్లాస్టరు ముద్దలో చేయి పెట్టించరాదు. చేయి చిక్కుకొని తీవ్రముగా కాలు ప్రమాదము కలదు.

ఈ పనిలోని అసలు రహస్యము ఒక చిన్న లెక్కలో నున్నది. 100 పాళ్ల ప్లాస్టరు తిరిగి రాయి యగుటకు దానికి కావలసిన నీరు 18.6 పాళ్లు మాత్రమే. కాని మనము పోయునది 70 పాళ్లు. మిగిలిన నీరు ఎక్కడికి పోవును? అచ్చు ఆరునప్పుడు ఆవిరియై పోవును. 2 కిలోల ప్లాస్టరులో 1,400 గ్రాముల నీరు పోసి చేసిన అచ్చు తడిగా నున్నప్పుడు 3,400 గ్రాములు తూగును. పూర్తిగా ఆరినపిమ్మట సుమారు 2,370 గ్రాములు తూగును. అనగా ఒక లీటరు నీరు దానిలోనుండి వెడలిపోయినది. ఆ నీరు విడిచిన సూక్ష్మమైన ఖాళీలే స్లిప్‌లోని నీటిని పీల్చునవి. అచ్చుయొక్క ప్రాణము అందలి రాతిలో లేదు, రాతి నడుమనున్న ఆ ఖాళీలలో నున్నది.

నీరు తగ్గించినచో అచ్చు గట్టిగా నుండును గాని పీల్చదు. నీరు పెంచినచో బాగుగా పీల్చును గాని త్వరగా అరిగి, అంచులు రాలిపోవును. క్రొత్తవాడు గట్టి అచ్చునే మెచ్చుకొనును. మేము నట్లే మెచ్చుకొంటిమి. మేస్త్రిగారు తల యూపి, "గట్టిది కాదండీ, దాహం ఉన్నది మంచి అచ్చు" అనిరి.

కలుపుటకును ఒక క్రమమున్నది. ముందు నీరు, పిమ్మట ప్లాస్టరు. ప్లాస్టరులో నీరు పోయరాదు. రెండింటిని తూచియే తీసికొనవలెను. గృహిణులు ఉప్మా రవ్వను ఒక్కసారి కుమ్మరింపరు గదా. అట్లే ప్లాస్టరును నీటిమీద పలుచగా చల్లవలెను. చల్లి, కదపక, రెండు మూడు నిమిషములు నాననీయవలెను. తరువాత చేతిని అడుగునకు దింపి, గాలి చొరకుండ, మరి రెండు మూడు నిమిషములు కలుపవలెను. మీగడవలె చిక్కబడుచుండగా పోయవలెను. గిన్నెకు పాత ప్లాస్టరు ముక్క ఒకటి అంటియున్నను క్రొత్తది వేళకు ముందే గట్టిపడును. గిన్నెలు కడిగిన నీటిని కాలువలో పోయరాదు. అది లోపల రాయిగా మారి కాలువను మూసివేయును. ప్లాస్టరు పలుకు మట్టిలో పడరాదు. పడినచో కాల్చిన పిమ్మట అది చెమ్మను పీల్చి ఉబ్బి, పాత్ర పైపొరను పెకలించును. కార్ఖానా నేలను పొడిగా ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడువవలెను. మట్టిధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. ఈ నియమములన్నియు మేము మొదటి ఆదివారమే విని, మూడవ ఆదివారమునకు గాని అలవరచుకొనలేదు.

అచ్చు అను భావము మనకు క్రొత్తది గాదు. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 దశకపు మొదట జరిగిన త్రవ్వకములలో సాతవాహనుల కాలపు బొమ్మలు బయల్పడినవి. మేలిరకపు తెల్లమట్టితో, ముందువైపునకు ఒక అచ్చు, వెనుకవైపునకు ఒక అచ్చు వాడి, రెండు భాగములను అదికి, లోపల బోలుగా చేసినవి. శిరోజముల ముడులు, ఆభరణములు నేటికిని స్పష్టముగా కనబడును. రెండువేల యేండ్లకు కొంచెము తక్కువగా నాటి మన శిల్పి కూడ, ఏ గీతవద్ద రెండు అచ్చులు కలియవలెనో నిలిచి ఆలోచించియే యుండును. అవి మెత్తని మట్టిని వ్రేలితో అదిమి చేయునవి. ద్రవముగా పోయు పద్ధతికి ప్లాస్టరు తోడైన వెనుక అచ్చుల పని విస్తరించినది. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు 18వ శతాబ్దపు నడుమ దానిని చేపట్టిరి. వారి స్టోక్-ఆన్-ట్రెంట్ పట్టణము పిమ్మట పింగాణీకి లోకప్రసిద్ధి పొందినది.

ఇప్పుడు మా మూత వద్దకు వత్తము. నాలుగు ముక్కలను జిగురుతో అతికి, దానినే మాదిరిగా పెట్టి అచ్చు తీయుదమని మేమంటిమి. మేస్త్రిగారు వద్దనలేదు. "తీయండి, చూద్దాం" అని, ఒక పెన్సిలు చేతికిచ్చి, "ముందు అది ఎక్కడెక్కడ పట్టుకుంటుందో గీయండి" అనిరి.

మూత చూచుటకు సులభమైన వస్తువు. అచ్చు కోరునప్పుడు దాని చిక్కులు బయటపడును. పైన పట్టుకొనుటకు గుబ్బ, గుబ్బక్రింద సన్నని మెడ, మెడక్రింద వాలుగా పరచుకొన్న కప్పు, దాని అంచు అన్నిటికంటె వెడల్పు. అంచుక్రింద జాడీ మూతిలోనికి దిగు చిన్న కట్టు. అది మరల ఇరుకు. ఒక్క ముక్కలో అచ్చు పోసినచో మూత బయటికి రాదు. గుబ్బ మెడవద్ద ప్లాస్టరు బిగించి పట్టుకొనును. కావున అచ్చు ఏ దిక్కునకు లాగిన ఏ భాగము అడ్డుపడునో ముందుగా చూడవలెను. వెలుతురునకు ఎదురుగా పట్టి, పెన్సిలును నిలువుగా నుంచి, మూతను త్రిప్పుచు, పెన్సిలు తాకిన చోట్లను కలిపిన గీతయే అచ్చు విడిపోవలసిన గీత. ఆ గీత వెండ్రుకవాసి తప్పినను మూత బిగిసిపోవును.

మా మూతకు మూడు ముక్కలు కావలసివచ్చినవి. వెడల్పైన అంచునకు పైవైపున గుబ్బను కప్పును కలుపుకొని నిలువుగా రెండు సగములు. అంచునకు క్రింది వైపున కట్టు చుట్టును ఒక వలయము. మూతను తలక్రిందులుగా నుంచి, వలయపు నడిమి రంధ్రమునుండి స్లిప్ పోయవలెను. రంధ్రము మొదట గరాటువలె కొంత ఎత్తు విడువవలెను. అచ్చు త్రాగుకొలది స్లిప్ మట్టము దిగును గనుక, ఆ గరాటులోనిది దిగి లోటు పూరించును. ముక్కలు ప్రతిసారి అదే చోట కూర్చుండుటకు, ఒక ముక్కలో చిన్న గుంటలు తొలుతురు. రెండవ ముక్క పోసినప్పుడు ఆ గుంటలలో బుడిపెలు ఏర్పడును. గుంటలు లోతుగా తొలిచితిమని మేము గర్వపడితిమి. మేస్త్రిగారు వానిని చదును చేయించిరి. నిటారుగానున్న గుంట తాళమై బిగియును. సగము గోళీవలె నున్న గుంటయే చోటు చూపి విడిచిపెట్టును.

అచ్చు ఆరినది. స్లిప్ పోసితిమి. గోడ 3 మిల్లీమీటర్ల మందమగుటకు 10 నిమిషములు పట్టెను. 6 మిల్లీమీటర్లు కావలెనన్నచో 20 నిమిషములు చాలునని మా లెక్క. కాని 40 పట్టును. ఏలనన, లోపలి నీరు ఇప్పుడు అప్పటికే ఏర్పడిన మట్టిపొరలోనుండియే అచ్చును చేరవలెను. పొర పెరిగినకొలది దారి కష్టమగును. మందము రెండింతలైన కాలము నాలుగింతలు. మరియొక జాగ్రత్త గుబ్బ మెడవద్ద. ఇరువైపుల గోడలు పెరిగి మెడ పూడిపోయినచో, గుబ్బలోని స్లిప్ వంపుటకు వీలులేక లోపలనే చిక్కును. పైకి ఆరినట్లు కనబడి, లోపలి చెమ్మతో కొలిమికెక్కి, బ్రద్దలగును. అందుచే మెడ వ్యాసము గోడ మందమునకు రెండింతలకంటె బాగుగా ఎక్కువ యుండవలెను.

ఆ మూత కాలి వచ్చిన దినమున మేము జాడీని సంచిలో పెట్టుకొని పోతిమి. మూత చక్కగా నున్నది. గుబ్బ, వాలు, అంచు అన్నియు పాతదాని పోలికయే. జాడీమీద నుంచగానే లోనికి జారి మునిగిపోయెను. మేస్త్రిగారు నవ్వలేదు. స్కేలు చేతికిచ్చిరి. పాతమూత కట్టు 11.6 సెంటీమీటర్లు. క్రొత్తదాని కట్టు 10.2 మాత్రమే. మట్టి ఆరునప్పుడు కొంత, కాలునప్పుడు కొంత కుంచించును. ఆ కార్ఖానా మట్టి మొత్తము మీద నూటికి 12 వంతులు కుంచించును. పాతమూత అప్పటికే కుంచించి యున్నది. దానికి అచ్చు తీసి పోసినది మరల కుంచించినది.

"అయితే నూటికి పన్నెండు పెంచి చేయుదము" అంటిమి. "లెక్క వేయండి" అనిరి. 11.6 నకు నూటికి 12 కలిపిన 13.0 వచ్చినది. 13.0 లో నూటికి 12 తగ్గించి చూచిన 11.4 చొప్పున వచ్చినది; దాదాపు 2 మిల్లీమీటర్లు లోటు. పెంచునది చిన్నదానిమీద, తగ్గునది పెద్దదానిమీద. కావున 100 కు 88 మిగులునన్నచో, కావలసిన కొలతను 0.88 చేత భాగింపవలెను. అప్పుడు 13.2 వచ్చును. పట్టా పుచ్చుకొని విశ్వవిద్యాలయమునుండి వెలువడిన మాకు, బడిలో నేర్చిన ఈ లెక్క ఒక జాడీ మూత మరల నేర్పినది.

కొత్త కొలతతో ప్లాస్టరు దిమ్మను చక్రముపై త్రిప్పి, ఉలితో మూత మాదిరి చెక్కితిమి. ఇది మేస్త్రిగారి చేయి మా చేతిపై నుండగా జరిగిన పని. రెండు ఆదివారములు పట్టెను. మూడవ ఆదివారము అచ్చు పోసితిమి. గట్టిపడిన పిమ్మట విప్పబోగా రాలేదు. తట్టితిమి; రాలేదు. వేడినీరు పోసితిమి, రాలేదు. కొయ్యసుత్తితో కొట్టగా అచ్చును మాదిరియు కలిసియే పగిలినవి. మెడవద్ద ఒక చోట సబ్బు పట్టలేదు. పాతమూతకు గాజువంటి మెరుపుపూత యుండుటచే, మొదటిసారి మా అశ్రద్ధ బయటపడలేదు. ప్లాస్టరుమీద ప్లాస్టరు పోసినప్పుడు నడుమ సబ్బుపొర లేనిచో రెండును ఒకే రాయి యగును. ముందు తప్పు గడిచిపోవుటచే మేము దానిని ఒప్పు అనుకొంటిమి.

ఆ సాయంత్రము మేము పని మానుకొందుమనియే అనుకొంటిమి. ఇంటికి పోగా అమ్మగారు జాడీ వాసెన విప్పి, గుడ్డ మార్చి, మరల కట్టుచుండిరి. "ఎందుకురా ఆ తిరుగుడు, గుడ్డ కట్టుకుంటే సరిపోదూ?" అనిరి. సరిపోదని ఆమెకును తెలియును, మాకును తెలియును. వచ్చు ఆదివారము మరల పోతిమి.

మేస్త్రిగారు ఏమియు జరుగనట్లే మెత్తని సబ్బును నీటిలో కరిగించి కుంచెతో పూయుట చూపిరి. పూసి, నురుగు తుడిచి, మరల పూసి, మరల తుడిచి, ఐదారు మార్లు. ప్లాస్టరు మొదట సబ్బును త్రాగును. కడకు త్రాగుట మాని నిగనిగలాడును. నీటిబొట్టు వేసిన ఇంకక జారిపోయిన నాడు సిద్ధమైనట్లు. మెడవద్ద, మూలలందు, గుంటలలో ఒక్కొక్క దానిని వెలుతురునకు త్రిప్పి చూచితిమి. ఈసారి మూడు ముక్కలు చిన్న చప్పుడుతో విడివడినవి.

మేస్త్రిగారు ఇంకొక మెట్టు చూపిరి. అచ్చు సుమారు వంద పోతలకు అరిగి, గీతలు మొద్దుబారును. కావున కార్ఖానాలలో మొదటి అచ్చుతో పోతపోయక దాచిపెట్టుదురు. దాని ఒక్కొక్క ముక్కకు గట్టి ప్లాస్టరుతో మరియొక అచ్చు తీయుదురు. అది తల్లి అచ్చు. తల్లి అచ్చులోనుండి పనికివచ్చు అచ్చులు ఎన్నియైన పుట్టించుకొనవచ్చును. ఇది వినగానే మాకు మా వృత్తి జ్ఞప్తికి వచ్చెను. గ్రామఫోను రికార్డులు ముద్రించుటయు ఇట్లే. మొదటి ముద్రణనుండి లోహపు తండ్రి, తండ్రినుండి తల్లి, తల్లినుండి రికార్డులను అదుము అచ్చులు. గాయకుని గొంతులోని జీర ఎట్లు తరము తరమునకు దిగునో, గీచిన గీత కూడ అట్లే దిగును. తల్లిలోని గీటు బిడ్డలందరిలో పలుకును. మేస్త్రిగారు మొదటి దినమున చెప్పినది ఇదియే.

స్టోక్ పట్టణములోని స్పోడ్ అను పేరుపొందిన పింగాణీ కర్మాగారము 2008లో మూతపడినది. అందు తరతరములుగా పేరుకొన్న వేలకొద్ది ప్లాస్టరు అచ్చులు అరలలో మిగిలినవి. అచ్చు రూపమును భద్రపరచును. దానిని ఎప్పుడు విప్పవలెనో, సబ్బు ఎన్ని మార్లు పూయవలెనో భద్రపరచునది చేయి మాత్రమే. మా మేస్త్రిగారి కుమారుడు వేరొక ఉద్యోగమున నున్నాడు. అది తప్పు గాదు. అయినను ఆ కార్ఖానాలో సబ్బు పూయు ఆ ఓర్పును పూర్తిగా ఎరిగిన చేతులు ఇప్పుడు రెండే. మావి కొసరు.

అచ్చును ఎండగాలికి నీడను ఆరబెట్టితిమి. త్వరపడి వేడిమి 50 డిగ్రీలకు మించనిచ్చినచో ప్లాస్టరు మరల నీరు విడిచి పొడియగునని మేస్త్రిగారి హెచ్చరిక. పైకి తెల్లగా కనబడినంతమాత్రమున ఆరినట్లు గాదు. వారు అచ్చును ఎత్తి చెక్కిలికి ఆనించుకొని చూచెడివారు. చల్లగా తగిలినచో లోపల ఇంకను నీరున్నది. మేము మాత్రము ప్రతిదినము తూచి, బరువు తగ్గుట నిలిచిన నాడే నమ్మితిమి. రెండును ఒక్క దినమే చెప్పినవి.

మూత పోసితిమి, విప్పితిమి, అంచు గీకి తడిస్పంజితో తుడిచితిమి. ఉప్పు పులుపు తగులు పాత్ర గనుక సీసము లేని పూతయే వేసితిమి. జాడీమీద ఆను అంచును పూతలేకుండ విడిచితిమి. సుమారు 1,200 డిగ్రీల వేడిని కాలి వచ్చినది. జాడీమీద నుంచగా, లోపలికి దిగి, చిన్నగా 'టక్' మని కూర్చుండెను.

అమ్మగారు దానిని త్రిప్పి చూచి, తీసి, మరల పెట్టిరి. ఆ సాయంత్రము ఆవకాయ జాడీలోనికి ఎత్తిరి. మూత పెట్టి, దానిపైన అలవాటు చొప్పున వాసెన కట్టిరి. కట్టుచు తల యెత్తకయే, "అక్కయ్య జాడీకి కూడా మూత లేదురా. పోయి పదేళ్లయింది. మా నాన్న రెండూ ఒకేసారి కొన్నారు, జంట" అనిరి.

ఒక్క మూతకు అచ్చు చేయరని మేస్త్రిగారు అన్నారు గదా. మేము మరుసటి ఆదివారము మరల కార్ఖానాకు పోతిమి. అరమీదినుండి అచ్చును దింపి, చెక్కిలికి ఆనించి చూచితిమి. చల్లగా లేదు.